సంధిలో పడిన గ్లూటమేట్‌ను ఎవరు తీసేస్తారు? ఆస్ట్రోసైట్లు చిన్న అణువులను లోపలికి తీసుకునే తీరు

పెరంబూరు పంతులు · సోమవారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. చెన్నైలో ప్లస్ టూ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. నాడీ సంధి, అంటే రెండు నాడీకణాలు సందేశం అందించుకునే చోటి పాఠంలో అసిటైల్‌కోలిన్ అనే సందేశ రసాయనం ప్రస్తావన వస్తుంది. దాని పని ముగియగానే సంధిలోనే ఉన్న అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుందని చెబుతాం. ఇవాళ ఒక అమ్మాయి, "మెదడులో ఎక్కువ సందేశాలు నడిపేది గ్లూటమేట్ అన్నారు కదా సార్, మరి దాన్ని ఏ ఎంజైమ్ విరగ్గొడుతుంది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. నా దగ్గరున్న పుస్తకాల్లో "గ్లియా కణాలు తీసుకుంటాయి" అన్న ఒక్క వాక్యమే ఉంది. ఎలా తీసుకుంటాయి, ఎంత వేగంగా, తీసుకున్నాక ఏం చేస్తాయి అన్నది ఎక్కడా లేదు. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. పిల్లలకు అర్ధసత్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

తరమణి తార · సోమవారం, రాత్రి 10:02

మాస్టారూ, ఆ అమ్మాయి అసలైన చోటే పట్టుకుంది. గ్లూటమేట్‌ను సంధిలో విరగ్గొట్టే ఎంజైమ్ ఏదీ లేదు. విడుదలైన గ్లూటమేట్ పక్కకు వ్యాపించి చుట్టూ ఉన్న కణాల్లోకి వెళ్లిపోతేనే సందేశం ఆగుతుంది. అలా తీసుకోవడంలో సింహభాగం ఆస్ట్రోసైట్లది. మీ పుస్తకాల్లోని గ్లియా కణాల్లో, అంటే న్యూరాన్లకు తోడుగా ఉండే కణాల్లో ఇవి ఒక రకం. నా పరిశోధన వీటి మీదే కాబట్టి కాస్త విపులంగా రాస్తాను.

ముందు అంకెలు చూడండి. న్యూరాన్ (నాడీకణం) కొనలో గ్లూటమేట్‌ను దాచి ఉంచే తిత్తుల్లో దాని గాఢత సుమారు 100 మిల్లీమోలార్. తిత్తి తెరుచుకున్న క్షణంలో సంధిలో అది 1 మిల్లీమోలార్ దాకా లేచి, ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే పడిపోతుంది. మామూలు వేళల్లో కణాల బయటి ద్రవంలో ఉండేది మైక్రోమోలార్ (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు) స్థాయికి మించదు, చాలా కొలతల్లో అంతకన్నా ఎంతో తక్కువ. కణాల లోపలికీ బయటికీ వేల రెట్ల తేడా అన్నమాట. ఈ తేడా చెడితే న్యూరాన్ల మీద సందేశాన్ని అందుకునే గ్రాహకాలు తెరుచుకునే ఉండిపోతాయి, లోపలికి కాల్షియం అదుపు లేకుండా చేరుతుంది, ఆ కణం చనిపోతుంది. మన మెదడు కణజాలంలో కిలోకు సుమారు 10 మిల్లీమోల్‌ల గ్లూటమేట్ ఉంటుంది. ఇంత ప్రమాదకరమైన పదార్థాన్ని ఇంత మొత్తంలో పెట్టుకుని మనం క్షేమంగా ఉంటున్నామంటే, అది దాదాపుగా అంతా కణాల లోపలే ఉండబట్టే.

ఇక తీసుకునే పద్ధతి. ఆస్ట్రోసైట్ పొరలో రవాణా ప్రోటీన్లు ఉంటాయి. మనుషుల్లో ఈ కుటుంబంలో ఐదున్నాయి, ఈఏఏటీ1 నుంచి ఈఏఏటీ5 వరకు. ఆస్ట్రోసైట్లలో ప్రధానమైనవి మొదటి రెండు. ఎలుకల మీద పనిచేసే మేము వాటిని గ్లాస్ట్, జీఎల్‌టీ-1 అంటాం. 1992లో మూడు బృందాలు విడివిడిగా ఈ కుటుంబంలోని మొదటి జన్యువులను పట్టుకున్నాయి. మెదడు ముందు భాగంలో జరిగే గ్లూటమేట్ స్వీకరణలో దాదాపు 90 శాతం ఒక్క జీఎల్‌టీ-1 ద్వారానే జరుగుతుంది. మెదడులోని మొత్తం ప్రోటీన్‌లో దాని వాటా ఇంచుమించు ఒక శాతం. ఒకే ఒక్క రకం ప్రోటీన్‌కు అంత వాటా ఉండటం అరుదు. 1997లో ఈ జన్యువు లేని ఎలుకలను తయారుచేసి చూస్తే, వాటికి వాటంతట అవే మూర్ఛలు వచ్చాయి, చాలావరకు చిన్న వయసులోనే చనిపోయాయి.

లోపలికి చేరిన గ్లూటమేట్‌కు గ్లూటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్ ఒక అమ్మోనియాను జోడించి గ్లూటమిన్‌గా మారుస్తుంది. ఈ ఎంజైమ్ మెదడులో ప్రధానంగా ఆస్ట్రోసైట్లలోనే ఉంటుందని 1979లో తేలింది. గ్లూటమిన్ గ్రాహకాలను రెచ్చగొట్టదు, అందువల్ల అది బయటి ద్రవంలోకి వచ్చి న్యూరాన్‌లోకి వెళ్లినా ఏ ప్రమాదమూ లేదు. న్యూరాన్ దాన్ని మళ్లీ గ్లూటమేట్ చేసుకుంటుంది. తరగతిలో ఈ చక్రం గీసి చూపిస్తే సరిపోతుంది.

మందుల కొట్టు, కోడంబాక్కం · సోమవారం, రాత్రి 10:40

తార గారూ, ఒక్క సందేహం. తక్కువ ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటికి తోయాలంటే శక్తి కావాలి కదా. ఈ ప్రోటీన్ ఏటీపీని, అంటే కణానికి శక్తినిచ్చే అణువును ఖర్చు పెడుతుందా?

తరమణి తార · సోమవారం, రాత్రి 10:58

నేరుగా పెట్టదండి. ఒక్కో గ్లూటమేట్‌తో పాటు మూడు సోడియం అయాన్లు, ఒక ప్రోటాన్ లోపలికి వస్తాయి, ఒక పొటాషియం అయాన్ బయటికి పోతుంది. సోడియం లోపలికి రావాలని ఎప్పుడూ ఉబలాటపడుతూ ఉంటుంది. దాని రాకనే గ్లూటమేట్ తోడు చేసుకుంటుంది. ఆ లెక్క మన విల్లివాక్కం మాస్టారు అయితే చక్కగా కట్టి చూపిస్తారు.

విల్లివాక్కం రసాయనం · మంగళవారం, ఉదయం 6:20

అడిగారు కాబట్టి కడుతున్నాను. పంతులు గారు దీన్ని పిల్లల చేత నల్లబల్ల మీద చేయించవచ్చు, ఇందులో గుణకారం తప్ప ఏమీ లేదు.

కణం బయట సోడియం సుమారు 145 మిల్లీమోలార్, లోపల 15 అనుకుందాం. దాదాపు పది రెట్లు. మూడు సోడియంలు కలిసి వస్తాయి కాబట్టి పదిని మూడుసార్లు హెచ్చించాలి, వెయ్యి. పొటాషియం లోపల 120, బయట 3. అది నలభై రెట్ల తేడాతో బయటికి పోతోంది కాబట్టి మరో నలభై. ఇక విద్యుత్తు. మూడు సోడియంలు, ఒక ప్రోటాన్ ధనావేశాలు, గ్లూటమేట్ ఒక ఋణావేశం, బయటికి పోయేది ఒక ధనావేశం. నికరంగా ప్రతి విడతకూ రెండు ధనావేశాలు లోపలికి చేరుతున్నాయి. ఆస్ట్రోసైట్ లోపలి భాగం బయటికన్నా 80 మిల్లీవోల్టుల దాకా ఋణంగా ఉంటుంది. రెండు ఆవేశాలకు ఆ లాగుడు విలువ సుమారు నాలుగు వందల రెట్లు. ప్రోటాన్ వల్ల పెద్ద లాభం లేదు, కాస్త నష్టమే. అన్నీ హెచ్చిస్తే కోటి రెట్లకు దగ్గరగా వస్తుంది. ఒక గ్లూటమేట్‌కు మూడు సోడియం, ఒక ప్రోటాన్, ఒక పొటాషియం అన్న నిష్పత్తిని 1996లో ప్రయోగాలతో నిర్ధారించారు. బయట ఉన్నదానికి పది లక్షల రెట్లకు మించి లోపల పోగుచేయగల శక్తి ఈ ప్రోటీన్‌కు ఉందని అందుకే అంటారు.

ఖర్చు కూడా చూద్దాం. లోపలికి వచ్చిన మూడు సోడియంలను బయటికి నెట్టేది సోడియం-పొటాషియం పంపు. అది ఒక ఏటీపీకి మూడు సోడియంలను బయటికి పంపి రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. కాబట్టి ఒక గ్లూటమేట్‌కు ఒక ఏటీపీ. దాన్ని గ్లూటమిన్ చేయడానికి ఇంకొకటి. మొత్తం రెండు.

ఈ పంపును 1957లో పీత నరాల్లో కనిపెట్టిన యెన్స్ స్కూకు 1997లో నోబెల్ వచ్చింది. ఇలాంటి పంపు పనిని కొలవాలంటే ఏటీపీ నుంచి విడివడిన ఫాస్ఫేట్‌ను కొలుస్తారు. ఆ కొలతకు దశాబ్దాల పాటు ప్రపంచమంతా వాడిన పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, 1925 నాటిది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టి, ఇక్కడి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు. నేను రసాయనశాస్త్రం చెప్పిన కాలమంతా ఈ సంగతి ప్రతి తరగతిలోనూ చెప్పాను. ఇక్కడి తెలుగు పిల్లలకు ఇది తెలియాలి.

పెరంబూరు పంతులు · మంగళవారం, ఉదయం 7:05

మాస్టారూ, దండాలు. ఈ లెక్క రేపే చేయిస్తాను.

తార గారూ, ఇంకొకటి. ఆ ప్రోటీన్ అణువును పొరకు అటు నుంచి ఇటు ఎలా చేరుస్తుంది? పిల్లలు దీన్ని పొరలో ఒక రంధ్రంగా ఊహించుకుంటున్నారు.

తరమణి తార · మంగళవారం, మధ్యాహ్నం 1:30

రంధ్రమైతే సోడియం ఒక్కటే దూసుకొచ్చేది, గ్లూటమేట్ మిగిలిపోయేది. ఇక్కడ జరిగేది వేరు. ఈ కుటుంబానికి దూరపు చుట్టమైన ఒక ప్రోటీన్, సముద్రగర్భంలోని వేడినీటి ఊటల దగ్గర బతికే ఆర్కియా అనే ఏకకణ జీవుల్లో ఒకదానిలో దొరికింది. దాని స్ఫటిక నిర్మాణం 2004లో వచ్చింది. మూడు ప్రతులు కలిసి గిన్నె ఆకారంలో పొరలో కూర్చుంటాయి, ఆ గిన్నె బయటి వైపుకు తెరుచుకుని ఉంటుంది. 2009లో లోపలి వైపుకు తిరిగిన రూపం కూడా దొరికింది. రెండింటినీ పోల్చి చూస్తే, ప్రోటీన్‌లో ఒక భాగం పొరకు కదలకుండా అతుక్కుని ఉంటుంది, అణువును పట్టుకున్న భాగం మాత్రం లిఫ్టు గదిలా దాదాపు 1.5 నుంచి 2 నానోమీటర్లు కిందికి దిగుతుంది. బయటి తలుపు మూసుకున్నాకే గది దిగుతుంది, దిగాకే లోపలి తలుపు తెరుచుకుంటుంది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవు. మూడు ప్రతుల్లో ఒక్కోటి తన పని తాను చేసుకుంటుంది.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది వేగం. జీఎల్‌టీ-1 ఒక విడత పూర్తిచేయడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. సంధిలో గ్లూటమేట్ ఒకటి రెండు మిల్లీసెకన్లలో తగ్గిపోతుందని పైన రాశాను కదా. ఇంత నిదానమైనది అంత త్వరగా ఎలా తీసేస్తోంది? అణువును పట్టుకోవడం క్షణంలో జరుగుతుంది, లోపలికి దింపడమే ఆలస్యం. పట్టుకున్న అణువు ఎలాగూ గ్రాహకానికి అందదు. అందుకే ఆస్ట్రోసైట్ పొరలో ప్రతి చదరపు మైక్రోమీటరుకూ వేల ప్రోటీన్లు కావాల్సివచ్చాయి. మెదడు ప్రోటీన్‌లో ఒక శాతం ఇదే ఎందుకయిందో ఇప్పుడు అర్థమవుతుంది.

అంకెల ఆసామి, షోలింగనల్లూరు · మంగళవారం, సాయంత్రం 6:45

ఆసక్తిగా చదువుతున్నాను. మెదడులో న్యూరాన్లకు పది రెట్లు గ్లియా కణాలు ఉంటాయని ఎక్కడో చదివాను. అంతమంది పనివాళ్లు ఉన్నప్పుడు ఈ పని సులువే కదా?

తరమణి తార · మంగళవారం, సాయంత్రం 7:10

ఆ పది రెట్ల మాట చాలా పుస్తకాల్లో ఉంది, కొలతలకు నిలవలేదు. 2009లో బ్రెజిల్ పరిశోధకులు మనిషి మెదడును ద్రావణంగా మార్చి కణ కేంద్రకాలను లెక్కపెట్టారు. న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, మిగతా కణాలన్నీ కలిపి దాదాపు అంతే. ఆస్ట్రోసైట్లు ఆ మిగతావాటిలో ఒక భాగం మాత్రమే. ఒక్కో ఆస్ట్రోసైట్ సన్నని కొనలతో ఎన్నో వేల సంధులను తాకుతుంది కాబట్టే పని జరుగుతోంది.

రాత్రి డ్యూటీ · మంగళవారం, రాత్రి 11:50

నేను నర్సును. కాలేయ వార్డులో పనిచేస్తాను. తార గారు అమ్మోనియా అనగానే నా రోగులు గుర్తొచ్చారు. సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) ముదిరినవాళ్లు పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటారు. పేరు అడిగితే ఆలోచిస్తారు. చేతులు చాచి మణికట్లు పైకెత్తమంటే, ఎత్తిన చేతులు ఉన్నట్టుండి కిందికి వాలి మళ్లీ లేస్తూ కొట్టుకుంటాయి. రోజూ ఇది చూసే అంచనా వేస్తాం. అమ్మోనియా పెరిగిందని డాక్టర్లు అంటారు. దానికీ మీరు చెప్పే ఈ కణాలకూ ఏమైనా సంబంధం ఉందా?

తరమణి తార · బుధవారం, ఉదయం 8:30

నేరుగా సంబంధం ఉందండి. పేగుల నుంచి వచ్చే అమ్మోనియాను ఆరోగ్యంగా ఉన్న కాలేయం యూరియాగా మారుస్తుంది. అది చేతకానప్పుడు అమ్మోనియా రక్తంలో మిగిలి మెదడుకు చేరుతుంది. అలా యూరియాగా మార్చే చర్యల వరుస, అంటే యూరియా చక్రం, మెదడులో పూర్తి రూపంలో ఉండదు. అమ్మోనియాను వదిలించుకునే ముఖ్యమైన దారి ఆస్ట్రోసైట్‌లోని ఆ గ్లూటమిన్ సింథటేజే. అమ్మోనియం అయాన్ పరిమాణంలో పొటాషియంకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పొటాషియం దారుల గుండా కూడా లోపలికి రాగలదు.

ఆస్ట్రోసైట్ దాన్ని గ్లూటమేట్‌కు జోడించి గ్లూటమిన్ చేస్తుంది. గ్లూటమిన్ పోగుపడితే నీటిని లాక్కుని కణం ఉబ్బుతుంది. కాలేయం ఒక్కసారిగా దెబ్బతిన్న రోగుల్లో మెదడు వాచి ప్రాణం మీదికి వచ్చేది ఇందువల్లే. దీర్ఘకాలిక సిర్రోసిస్‌లో వాపు స్వల్పంగా ఉంటుంది, అయినా కణం పనితీరు మారిపోతుంది. చనిపోయినవాళ్ల మెదడును సూక్ష్మదర్శినిలో చూస్తే ఆస్ట్రోసైట్ల కేంద్రకాలు ఉబ్బి, పాలిపోయి కనిపిస్తాయి. గ్లూటమిన్ మైటోకాండ్రియాలోకి, అంటే కణంలో శక్తి తయారయ్యే భాగాల్లోకి వెళ్లి మళ్లీ అమ్మోనియాను వదలడం వల్ల నష్టం పెరుగుతుందని ఒక ప్రతిపాదన ఉంది, దాని మీద చర్చ నడుస్తోంది.

రాత్రి డ్యూటీ · బుధవారం, మధ్యాహ్నం 2:15

ఇది చదివాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది, ఎవరింట్లోనైనా ఇలాంటి రోగి ఉంటే దయచేసి వినండి. లాక్ట్యులోజ్ సిరప్ ఇచ్చి పంపితే, విరేచనాలు అవుతున్నాయని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. ఆ మందు పని అదే. పెద్దపేగులో ఆమ్లత్వం పెంచి, అమ్మోనియాను రక్తంలోకి పోనీయకుండా అక్కడే ఉంచి బయటికి పంపుతుంది. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకోవాలి. మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, కడుపులో రక్తస్రావం, వీటిలో ఏది వచ్చినా మనిషి మళ్లీ మగతలోకి జారుకోవచ్చు. పప్పు, గుడ్డు, పాలు మానిపించే పాత అలవాటు కూడా వద్దు. ప్రోటీన్ తగ్గితే కండ కరుగుతుంది, అమ్మోనియాను వాడుకునే కణజాలంలో కండ కూడా ఒకటి. మోతాదులన్నీ మీ డాక్టరునే అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

వడపళని వంటిల్లు · బుధవారం, సాయంత్రం 4:40

గ్లూటమేట్ అంటే అజినోమోటోలో ఉండేదే కదండీ? న్యూరాన్లను చంపుతుందని పైన చదివి భయం వేసింది. మా పిల్లలు వారానికోసారి బయట నూడుల్స్ తింటారు.

తరమణి తార · బుధవారం, సాయంత్రం 5:20

అణువు అదేనండి, మోనోసోడియం గ్లూటమేట్. 1908లో జపాన్ రసాయనవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు పులుసు రుచికి కారణం ఇదేనని కనిపెట్టారు. అయితే తిన్న గ్లూటమేట్‌లో ఎక్కువ భాగాన్ని పేగు గోడ కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి. రక్తంలోకి చేరిన కాస్తా మెదడులోకి సులువుగా పోలేదు, రక్తనాళాల గోడ అడ్డుకుంటుంది. పైగా ఆ గోడ కణాల్లోని రవాణా ప్రోటీన్లు మెదడు వైపు నుంచి గ్లూటమేట్‌ను రక్తంలోకి పంపడానికి సాయపడతాయి. 1969లో అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు చర్మం కింద పెద్ద మోతాదులో సూది ద్వారా ఇచ్చినప్పుడు మెదడు దెబ్బతింది. భయమంతా అక్కడి నుంచే మొదలైంది. అది హైపోథాలమస్‌లో రక్షణ గోడ పలుచగా ఉండే చోటుకు దగ్గర్లో జరిగింది, తిండితో వచ్చే మోతాదు కాదు. మీ ఇంట్లో పండిన టమాటాలోనూ సహజంగా గ్లూటమేట్ ఉంటుంది. బయటి నూడుల్స్‌లో నేనైతే ఉప్పు, నూనె గురించే ఎక్కువ ఆలోచిస్తాను.

మందుల కొట్టు, కోడంబాక్కం · బుధవారం, రాత్రి 9:30

జీఎల్‌టీ-1ను పెంచే మందు ఏదైనా ఉందా అని వెతికితే సెఫ్ట్రయాక్సోన్ పేరు కనిపించింది. మా కొట్టులో రోజూ అమ్ముడయ్యే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. ఇది నిజమేనా?

తరమణి తార · బుధవారం, రాత్రి 10:15

సగం నిజం, ఆ సగం చాలా ప్రమాదకరం. కండరాలు క్రమంగా క్షీణించే ఏఎల్‌ఎస్ జబ్బుతో చనిపోయినవాళ్ల మెదడు, వెన్నుపాముల్లో ఈఏఏటీ2 (ఎలుకల్లో జీఎల్‌టీ-1 అనేది ఇదే) బాగా తగ్గి ఉందని 1995లో తేలింది. 2005లో వందలాది మందులను పరీక్షిస్తే, సెఫ్ట్రయాక్సోన్ వంటి బీటా-లాక్టమ్ యాంటీబయాటిక్‌లు ఈ ప్రోటీన్ తయారీని పెంచాయి, ఏఎల్‌ఎస్ నమూనా ఎలుకలు కొంతకాలం ఎక్కువ బతికాయి. ఎంతో ఆశతో రోగుల మీద పెద్ద ప్రయోగం చేశారు. 2014లో ఫలితం వచ్చింది, జబ్బు నెమ్మదించలేదు. పిత్తాశయంలో రాళ్ల వంటి ఇబ్బందులు మాత్రం కనిపించాయి. అందుకని ఎవరైనా ఇది చదివి ఇంజెక్షన్ కోసం మీ దగ్గరకొస్తే దయచేసి ఇవ్వకండి.

మందుల కొట్టు, కోడంబాక్కం · బుధవారం, రాత్రి 10:22

చీటీ లేకుండా నేను యాంటీబయాటిక్ ఇవ్వను తార గారూ. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

అంకెల ఆసామి, షోలింగనల్లూరు · గురువారం, ఉదయం 9:00

ఒక కణం ఎంత తీసుకుందో అసలు ఎలా కొలుస్తారు? మీ ప్రయోగశాలలో జరిగేది కాస్త చెప్పండి.

తరమణి తార · గురువారం, రాత్రి 9:45

ఇది నాకు ఇష్టమైన భాగం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మెదడు పైపొర తీసి, కణాలను విడదీసి ఫ్లాస్కుల్లో పెంచుతాం. కొద్ది రోజుల్లో ఆస్ట్రోసైట్లు అడుగున పరుచుకుని, వాటి మీద మైక్రోగ్లియా (మెదడులోని రక్షక కణాలు) వంటి గుండ్రటి కణాలు వదులుగా కూర్చుంటాయి. ఫ్లాస్కును రాత్రంతా కుదుపు యంత్రం మీద పెడితే పైవి రాలిపోతాయి, అడుగువి మిగులుతాయి. 1980లో ప్రచురితమైన ఈ పద్ధతినే ఇంకా వాడుతున్నాం.

కొలతకు గ్లూటమేట్ బదులు డి-ఆస్పర్టేట్ వాడతాం. రవాణా ప్రోటీన్ దాన్ని గ్లూటమేట్‌లాగే లోపలికి తెస్తుంది, కానీ లోపలున్న ఎంజైమ్‌లు దాన్ని పెద్దగా ముట్టుకోవు. అందువల్ల లోపలికి ఎంత వెళ్లిందో అంతా అక్కడే దొరుకుతుంది. అందులో కొన్ని హైడ్రోజన్ల బదులు రేడియోధార్మిక ట్రిటియం ఉంటుంది. కణాల మీద పోసి, కొన్ని నిమిషాలు ఆగి, మంచులో పెట్టిన ద్రావణంతో చకచకా కడిగేస్తాం. ఈ కడుగుడే ప్రాణం. చల్లదనం తగ్గితే ప్రోటీన్ పని ఆగదు, నెమ్మదిగా కడిగితే లోపలికి వెళ్లింది బయటికి కారుతుంది. మే నెలలో మా దగ్గర ఐసు పెట్టెను రెండు గదుల అవతలి నుంచి తెచ్చేలోపే అంచులు కరుగుతాయి, అందుకే ప్రయోగాలన్నీ పొద్దున్నే పెట్టుకుంటాను. కడిగాక క్షారంతో కణాలను కరిగించి, ఆ ద్రవంలోని ట్రిటియం కాంతి మెరుపులను యంత్రం లెక్కిస్తుంది.

పక్కనే ఇంకో పళ్లెం తప్పనిసరి. అందులో సోడియం బదులు కోలిన్ ఉంటుంది. ఆస్పర్టేట్ అదే, కణాలు అవే, సోడియం మాత్రం లేదు. ఆ పళ్లెం అంకె దాదాపు అడుగంటుతుంది. రెండు అంకెల మధ్య తేడానే సోడియం ఆధారిత స్వీకరణ. మొదటిసారి ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసినప్పుడు, పైన మాస్టారు కట్టిన లెక్క నా కళ్ల ముందు నిలబడినట్టు అనిపించింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఒంటరిగా పెంచిన ఆస్ట్రోసైట్లలో గ్లాస్ట్ ఎక్కువ, జీఎల్‌టీ-1 చాలా తక్కువ. న్యూరాన్లతో కలిపి పెంచితే జీఎల్‌టీ-1 పెరుగుతుంది. పొరుగున న్యూరాన్ ఉంటేనే ఆస్ట్రోసైట్ తన ప్రధాన ప్రోటీన్‌ను పూర్తిగా తయారుచేసుకుంటుంది. ఆస్ట్రోసైట్‌ను విడిగా చూసి దాని శక్తిని అంచనా వేసే పేపర్లను నేను ఈ కారణంగానే ఆచితూచి చదువుతాను.

విల్లివాక్కం రసాయనం · శుక్రవారం, ఉదయం 6:10

రెండు ఏటీపీల లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాలి. ఒక గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా విరిస్తే నికరంగా వచ్చేవి సరిగ్గా రెండు ఏటీపీలు, రెండు లాక్టేట్‌లు. 1994లో పెల్లెరిన్, మాజిస్ట్రెట్టి చెప్పింది ఇదే. గ్లూటమేట్‌ను తీసుకున్న ఆస్ట్రోసైట్ గ్లూకోజ్‌ను విరిచి ఆ ఖర్చు తీర్చుకుంటుంది, మిగిలిన లాక్టేట్‌ను న్యూరాన్‌కు ఆహారంగా ఇస్తుంది. ఎంత అందమైన లెక్క!

తరమణి తార · శుక్రవారం, ఉదయం 10:05

అందమైనదే మాస్టారూ. అయినా దాన్ని తేలిపోయిన విషయంగా పిల్లలకు చెప్పవద్దని నా మనవి. న్యూరాన్లకు సొంతంగా గ్లూట్3 అనే గ్లూకోజ్ వాహకం ఉంది, అది ఆస్ట్రోసైట్ల గ్లూట్1 కన్నా చురుకైనది. 2017లో ఎలుక మెదడు ముక్కల్లో చూస్తే, ప్రేరేపించిన న్యూరాన్లు తామే గ్లూకోజ్‌ను విరుచుకున్నాయి. ఇంకో చిక్కు, ఆస్ట్రోసైట్‌లో చేరిన గ్లూటమేట్ అంతా గ్లూటమిన్ కాదు. బయట గాఢత పెరిగేకొద్దీ దానిలో ఎక్కువ వాటా మైటోకాండ్రియాలో ఇంధనంగా కాలిపోతుంది. ఆ శక్తి కూడా లెక్కలోకి వస్తే రెండు-రెండు సరిపోవడం కుదరదు. లాక్టేట్ చేతులు మారడం నిజం. ఎంత, ఎప్పుడు, ఏ దిశలో అన్నదే వివాదం.

విల్లివాక్కం రసాయనం · శుక్రవారం, ఉదయం 10:50

గ్లూటమేట్ తానే ఇంధనం అవుతుందన్నది బలమైన అభ్యంతరమే. అయినా లాక్టేట్ పక్షం నేను వదలను. ఆస్ట్రోసైట్‌లో గ్లైకోజెన్ (దాచుకున్న గ్లూకోజ్) నిల్వ ఉంది, న్యూరాన్‌లో దాదాపు లేదు. ఆ నిల్వ ఎవరి కోసం?

వడపళని వంటిల్లు · శుక్రవారం, మధ్యాహ్నం 3:30

నేను రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. అది మెదడులోకి ఎలా వెళ్తుందో కూడా చెబుతారా?

మందుల కొట్టు, కోడంబాక్కం · శుక్రవారం, సాయంత్రం 5:00

మీ మాత్రలో ఉండేది థైరాక్సిన్, అంటే టీ4. పనిచేసే రూపం టీ3. మాత్రను పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకోండి, కాఫీ, క్యాల్షియం, ఐరన్ మాత్రలకు ఎడం ఉంచండి. మెదడు సంగతి తార గారిదే.

తరమణి తార · శుక్రవారం, సాయంత్రం 6:20

మెదడులో టీ4ను టీ3గా మార్చే ఎంజైమ్ ఎక్కువగా ఆస్ట్రోసైట్లలో ఉంటుంది. ఓఏటీపీ1సీ1 అనే వాహకం టీ4ను ఆస్ట్రోసైట్‌లోకి తెస్తుంది, అక్కడ టీ3 తయారై న్యూరాన్‌కు అందుతుంది. న్యూరాన్‌లోకి చేర్చే వాహకం ఎంసీటీ8. దాని జన్యువు దెబ్బతిన్న పిల్లల్లో తీవ్రమైన ఎదుగుదల లోపం వస్తుంది, రక్తంలో టీ3 నిండుగా ఉన్నా సరే.

ఇదే ఓఏటీపీ1సీ1 మాకు ఇంకో రకంగా ఉపయోగపడింది. సల్ఫోరోడమిన్ 101 అనే ఎర్ర రంగును బతికున్న ఎలుక మెదడు మీద వేస్తే ఆస్ట్రోసైట్లు మాత్రమే దాన్ని తీసుకుని మెరుస్తాయని 2004లో చూపించారు. ఎందుకు అవి మాత్రమే అన్నది 2015లో తేలింది, లోపలికి తెస్తున్నది ఈ థైరాయిడ్ వాహకమే.

రాత్రి డ్యూటీ · శుక్రవారం, రాత్రి 11:30

పక్షవాతంలో ఈ ప్రోటీన్లకు ఏమవుతుంది? మెదడుకు రక్తం ఆగితే ఏటీపీ ఉండదు కదా.

తరమణి తార · శనివారం, ఉదయం 9:15

పంపు ఆగుతుంది. కొద్ది నిమిషాల్లో సోడియం లోపల పేరుకుంటుంది, పొటాషియం బయట పెరుగుతుంది. మాస్టారి లెక్కలోని ప్రతి అంకె తలకిందులవుతుంది. అప్పుడు ఇవే రవాణా ప్రోటీన్లు వెనక్కి నడిచి గ్లూటమేట్‌ను బయటికి కుమ్మరిస్తాయి. రక్తం పూర్తిగా ఆగిన చోట పోగయ్యే గ్లూటమేట్‌లో చాలావరకు ఇలా వెనక్కి నడిచిన ప్రోటీన్ల నుంచే, అందులోనూ న్యూరాన్లలోని వాటి నుంచే వస్తుందని 2000లో ఎలుక మెదడు ముక్కల్లో చూపించారు. దాని అంచుల్లో రక్తం కొంచెం అందుతున్న ప్రాంతం మాత్రం ఇంకా పోరాడుతూ ఉంటుంది. కాపాడగలిగింది అదే.

రాత్రి డ్యూటీ · శనివారం, ఉదయం 9:40

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు. "పడుకుంటే తగ్గిపోతుంది" అని తెల్లవారేదాకా ఆగినవాళ్లను వారం వారం చూస్తున్నాను.

పెరంబూరు పంతులు · శనివారం, సాయంత్రం 5:30

పిల్లల నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. ఎలుకల్లో, పళ్లాల్లో సరే, బతికున్న మనిషి మెదడులో ఆస్ట్రోసైట్ ఏం తీసుకుంటోందో చూడటం సాధ్యమా?

తరమణి తార · శనివారం, రాత్రి 8:50

సాధ్యమే. అందుకు వాడేది అసిటేట్. న్యూరాన్లు, ఆస్ట్రోసైట్లు రెండూ దాన్ని కాల్చగలవు, కానీ లోపలికి తీసుకోవడంలో ఆస్ట్రోసైట్లు ఎంతో ముందుంటాయి. మామూలు కార్బన్ బదులు కార్బన్-13 ఉన్న అసిటేట్‌ను చేతి నరంలోకి డ్రిప్పుగా ఇస్తారు. అది రేడియోధార్మికం కాదు, ప్రకృతిలోని కార్బన్‌లోనూ దాదాపు 1.1 శాతం అదే ఉంటుంది. మనిషిని ఎంఆర్‌ఐ వంటి అయస్కాంత యంత్రంలో పడుకోబెట్టి, ఆ గుర్తున్న కార్బన్ మెదడులో ఏ అణువులోకి చేరుతోందో నిమిష నిమిషానికీ చూస్తారు. గుర్తు బలంగా పడేది గ్లూటమిన్‌లో, ఎందుకంటే అది ఆస్ట్రోసైట్‌లో తయారవుతుంది. న్యూరాన్ల గ్లూటమేట్‌లో ఆ తర్వాత కనిపిస్తుంది. గుర్తున్న గ్లూకోజ్‌ను ఇస్తే వరుస తిరగబడి గ్లూటమేట్‌లో ముందు వస్తుంది. ఈ రెండు గ్రాఫులనూ ఒకే కాగితం మీద గీసి పిల్లలకు ఇవ్వండి మాస్టారూ, ఏది ఏ కణానిదో వాళ్లనే చెప్పమనండి.